ఆ రెండు ఎపిసోడ్లు ఎక్కడ పోయాయి?

అమెరికా కార్టూన్ ధారావాహిక ‘ది సింప్సన్స్’లో 2003 ఫిబ్రవరి 16న ‘బార్టింగ్ ఓవర్’ అనే ఎపిసోడ్ వచ్చింది. ఇది మా 300వ ఎపిసోడ్ అని ప్రసారానికి ముందే చాటింపు వేశారు. ప్రసార తేదీల జాబితా దగ్గర పెట్టుకుని మొదటి నుంచి లెక్కపెడితే అది 302వది. తేడా రెండే. అయితే అంకె వేసింది బయటివాళ్లు కాదు, ఇంటివాళ్లే. వాళ్ల లెక్కలో లేని ఆ రెండూ ఏవన్నదే ఇక్కడి ప్రశ్న.

ముందు నా లెక్క సరైనదో కాదో తేలాలి. మొదటి 13 సీజన్లలో వచ్చిన ఎపిసోడ్లు వరుసగా 13, 22, 24, 22, 22, 25, 25, 25, 25, 23, 22, 21, 22. మొత్తం 291. పద్నాలుగో సీజన్‌లో తొమ్మిదోది ‘ది స్ట్రాంగ్ ఆర్మ్స్ ఆఫ్ ద మా’. అది ఫిబ్రవరి 2న వచ్చింది. అంటే 300వది అదే. పదోది ‘ప్రే ఎనీథింగ్’, ఫిబ్రవరి 9న వచ్చింది. అది 301. పదకొండోది ‘బార్టింగ్ ఓవర్’. ప్రసార క్రమంలో దానికి 302 తప్ప వేరే అంకె లేదు.

మొదటి అనుమానం క్రిస్మస్ ఎపిసోడ్ మీదికి పోతుంది. 1989 డిసెంబర్ 17న అరగంట ధారావాహికగా తొలిసారి వచ్చింది అదే. మిగతా సీజన్ 1990 జనవరి 14 నుంచి నడిచింది. దాన్ని పండగ ప్రత్యేక కార్యక్రమంగా పక్కన పెట్టి ఉండవచ్చు. అలా పెట్టినా ‘బార్టింగ్ ఓవర్’ 301 అవుతుంది. ఇంకొకటి మిగిలే ఉంటుంది.

రెండో అనుమానం రెండు భాగాల కథ మీద. ‘హూ షాట్ మిస్టర్ బర్న్స్?’ మొదటి భాగం 1995 మే 21న ఆరో సీజన్ చివర, రెండో భాగం సెప్టెంబర్ 17న ఏడో సీజన్ మొదట వచ్చాయి. కథ ఒకటే కాబట్టి రెండింటినీ ఒకటిగా లెక్కవేశారనుకుందాం. మళ్లీ 301 దగ్గరే ఆగుతాం.

ఈ రెండు అనుమానాలనూ కలిపితే మాత్రం సరిగ్గా 300 వస్తుంది. చాలామంది ఇక్కడితో కాగితం మడిచేస్తారు. కానీ అంకె కుదిరినంత మాత్రాన అది సాక్ష్యం అయిపోదు. అదే పద్ధతిలో వాళ్లు ఇంకెక్కడైనా లెక్కవేశారా అన్నది చూడాలి.

అందుకు ఒక ఆధారం ఉంది. 1995 డిసెంబర్ 3న వచ్చిన ఎపిసోడ్ పేరులోనే అంకె ఉంది: ‘ది సింప్సన్స్ 138వ ఎపిసోడ్ స్పెక్టాక్యులర్’. ఆరు సీజన్లకు 128, ఏడో సీజన్‌లో అది పదోది. 138 సరిపోయింది. క్రిస్మస్ ఎపిసోడ్‌ను తీసేసి, బర్న్స్ కథను ఒకటిగా లెక్కిస్తే అది 136 అయ్యేది. కాబట్టి 1995 చివరికి క్రిస్మస్ ఎపిసోడ్ లెక్కలో ఉంది, బర్న్స్ కథ రెండుగానే ఉంది. కుదిరిందనుకున్న వివరణ కొట్టుకుపోయింది.

మూడో అనుమానం పాత దృశ్యాల కూర్పులు. అప్పటికే ప్రసారమైన ముక్కలను అతికి చేసిన ఎపిసోడ్లను కొత్తవిగా లెక్కించలేదనుకోవచ్చు. 2003 ఫిబ్రవరికి అలాంటివి ఐదు: 1993, 1994, 1995, 1998, 2002లో ఒక్కొక్కటి. ఐదూ తీసేస్తే 297 మిగులుతుంది. పైగా 138 అని చెప్పుకున్న ఎపిసోడ్ స్వయంగా పాత దృశ్యాల కూర్పే. అది తనను తాను లెక్కలో వేసుకుంది. ఈ దారి మూసుకుపోయింది.

1987 నుంచి 1989 వరకు మరో వెరైటీ షోలో వచ్చిన 48 చిన్న కార్టూన్లను ఇందులోకి తేనక్కర్లేదు. వాటిని కలిపితే అంకె 350కి పెరుగుతుంది. మనకు కావలసింది తగ్గుదల.

నాలుగో అనుమానం కాస్త గట్టిది. పిల్లలు పుట్టిన వరుసలోనే పెళ్లిళ్లు జరగాలని లేనట్టే, ఎపిసోడ్లు తయారైన వరుసలోనే ప్రసారం కావాలనీ లేదు. మొదటి సీజన్‌లో 7జి01 అనే నిర్మాణ సంఖ్య ఉన్న ఎపిసోడ్ అన్నిటికన్నా చివర, 1990 మే 13న వచ్చింది. ముందు వచ్చిన క్రిస్మస్ ఎపిసోడ్ సంఖ్య 7జి08. కాబట్టి 300 అన్నది నిర్మాణ వరుసలో లెక్క కావచ్చు.

సంఖ్యలు పక్కపక్కన పెట్టి చూశాను. ‘ది స్ట్రాంగ్ ఆర్మ్స్ ఆఫ్ ద మా’ ఇఏబీఎఫ్04. ‘బార్టింగ్ ఓవర్’ ఇఏబీఎఫ్05. ‘ప్రే ఎనీథింగ్’ ఇఏబీఎఫ్06. అంటే 05, 06 ప్రసారంలో తారుమారయ్యాయి. అంతకు ముందు సంఖ్యలున్నవన్నీ అప్పటికే ప్రసారమైపోయాయి. కాబట్టి నిర్మాణ వరుసలో ‘బార్టింగ్ ఓవర్’ ఒక్క మెట్టు దిగి 301 అవుతుంది. 300 ఇక్కడా రాలేదు. ఈ 301 మాత్రం గుర్తుంచుకోవాలి. తర్వాత పనికొస్తుంది.

ఇక మిగిలింది కూడికలో పొరపాటు. అదే అయితే ఎప్పుడు జరిగిందో దొరకాలి. నూరోదిగా చెప్పిన ఎపిసోడ్ 1994 ఏప్రిల్ 28న వచ్చింది: నాలుగు సీజన్ల 81కి 19 కలిపితే 100. అర్థంలేని మైలురాళ్లను పండగ చేసుకోనని అందులో సింప్సన్ల కొడుకు బార్ట్ తరగతి నల్లబల్ల మీద రాస్తాడు. 166 ఎపిసోడ్ల మరో కార్టూన్ ధారావాహిక ‘ది ఫ్లింట్‌స్టోన్స్’ను దాటిన ఎపిసోడ్ 1997 ఫిబ్రవరి 9న వచ్చింది: 153కి 14 కలిపితే 167. రెండువందలోది 1998 ఏప్రిల్ 26న: 178కి 22 కలిపితే 200. అన్నీ ప్రసార క్రమంలో సరిపోయాయి. పొరపాటంటూ ఉంటే 1998కి, 2003కి మధ్యే జరగాలి.

తర్వాతి మైలురాళ్లు కూడా చూశాను. 400వదిగా చెప్పినది 2007 మే 20న వచ్చింది. పద్నాలుగో సీజన్ నుంచి 22, 22, 21, 22, 22 కూడితే 291 కాస్తా 400 అవుతుంది. ఆ సీజన్‌లో అదే చివరిది. 2012 ఫిబ్రవరి 19 నాటి 500వదీ సరిపోయింది. రెండు ఎపిసోడ్లు నిజంగా లెక్క తప్పి ఉంటే ఈ అంకెలు కూడా రెండేసి జరగాలి. జరగలేదు. మధ్యలో ఎవరో సరిదిద్దారని వాదించవచ్చు. ఆ వాదనకు జవాబు ‘బార్టింగ్ ఓవర్’లోనే ఉంది.

అందులో బార్ట్ తల్లి మార్జ్ తన భర్త ఇలాంటి పిచ్చిపనులు ఎన్నిసార్లు చేశాడో లెక్కే లేదంటుంది. 300 సార్లని కూతురు లిసా చెబుతుంది. 302 అనుకున్నానే అని మార్జ్ అంటుంది. ఇది హాస్యం కోసం తోచిన అంకె వేసిన మాట కాదు. ప్రసార వరుసలో ఆ ఎపిసోడ్ స్థానం సరిగ్గా 302.

ఇప్పుడు 301 పనికొస్తుంది. ఆ మాట రాసినవాళ్లు నిర్మాణ వరుస చూసి ఉంటే మార్జ్ నోట 301 వచ్చేది. 302 రావాలంటే ‘ప్రే ఎనీథింగ్’ ముందుగా ప్రసారమవుతుందని తెలిసి ఉండాలి. ఆ మాట ఎప్పుడు చేర్చినా, చేర్చేనాటికి ప్రసార క్రమం వాళ్ల చేతిలో ఉంది. కాబట్టి కూడికలో పొరపాటు అన్న వివరణ నిలవదు. కనీసం నిర్మాణ బృందానికి అసలు అంకె తెలుసు.

తెలిసీ 300 అని ఎందుకన్నారు? ఫిబ్రవరి అమెరికా టీవీలో ప్రేక్షకుల సంఖ్యను ప్రత్యేకంగా కొలిచే నెల అని ఒక సమాధానం చెప్పవచ్చు. కానీ అసలు 300వది వచ్చిన ఫిబ్రవరి 2 కూడా ఆ నెలే. కొలత నెల కోసమే అయితే అంకె జరపనక్కర్లేదు. ఇంతకు మించి ఊహించడానికి తేదీలు, సంఖ్యలు ఒప్పుకోవు.

తేలింది ఇది. ఏ ఎపిసోడూ లెక్క నుంచి తప్పిపోలేదు. లెక్క మొదటి నుంచీ ప్రసార క్రమంలో సరిగ్గానే నడిచింది. ఒక్క 300 అన్న చీటీని మాత్రం రెండు స్థానాలు అవతల అంటించారు, అంటించినట్టు ఆ ఎపిసోడ్‌లోనే చెప్పేశారు. క్విజ్‌లో 300వది ఎప్పుడు వచ్చిందన్న ప్రశ్న ఎదురైతే ఫిబ్రవరి 2 అని రాయండి. మార్కు ఇవ్వకపోతే మార్జ్‌ను సాక్షిగా పిలవండి.