లినక్సు స్థిర కెర్నెలు

లినక్సు స్థిర కెర్నెలు అనేది లినస్ టోర్వాల్డ్స్ నిర్వహించే ప్రధాన శాఖ నుండి లోపాల దిద్దుబాట్లను మాత్రమే ఏరి విడుదల చేసే కెర్నెలు శాఖ. కొత్త సౌకర్యాలకు ఇందులో చోటు లేదు. సర్వర్లు, ఆండ్రాయిడ్ ఫోన్లు, తెలుగులో రూపొందిన స్వేచ్ఛ నిర్వహణ వ్యవస్థ వంటివన్నీ లినక్సు కెర్నెలు పైననే పనిచేస్తాయి కనుక, ఏ దిద్దుబాటు దీనిలో చేరవచ్చును అన్న నిర్ణయం సామాన్య వాడుకరిని కూడా తాకుతుంది.

నేపథ్యము

ఈ శాఖ 2005 మార్చిలో 2.6.11.1 విడుదలతో మొదలైంది. గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్, క్రిస్ రైట్ దీని తొలి నిర్వాహకులు. అంతకు ముందు ఒక కూర్పులో దోషం బయటపడితే తరువాతి కూర్పు కోసం వేచి ఉండవలసి వచ్చేది. ఆ కూర్పు దిద్దుబాటుతో పాటు వేలకొద్దీ ఇతర మార్పులను కూడా తెచ్చేది.

అర్హత నియమాలు

నియమాల పత్రం కెర్నెలు మూలసంకేతంతో పాటే లభిస్తుంది. దిద్దుబాటు గాని, దానికి సమానమైనది గాని ముందుగా ప్రధాన శాఖలో ఉండి తీరాలి. లేనియెడల కొత్త కూర్పుకు మారిన వాడుకరికి పాత దోషమే మళ్ళీ ఎదురవుతుంది. మార్పు సరియైనదని స్పష్టంగా తెలియాలి, పరీక్షింపబడి ఉండాలి, చుట్టుపక్కల పంక్తులతో కలిపి 100 పంక్తులు మించరాదు. ఈ చివరి నియమాన్ని అవసరాన్ని బట్టి సడలిస్తారు. 2018లో మెల్ట్‌డౌన్ లోపానికి చేసిన దిద్దుబాట్లు ఈ హద్దును ఎంతగానో దాటినా స్వీకరింపబడ్డాయి.

అన్నిటికంటే ముఖ్యమైన నియమం, దోషం నిజంగా జనాన్ని ఇబ్బంది పెట్టేదై ఉండడం. కెర్నెలు కుప్పకూలడం, స్తంభించడం, దత్తాంశాలు చెడిపోవడం, భద్రతా లోపం, కంపైలు కాకపోవడం ఇందుకు ఉదాహరణలు. ఎప్పుడో ఇబ్బంది రావచ్చునన్న ఊహ చాలదు. అక్షరదోషాల సవరణ అసలే పనికిరాదు. అయితే కొత్త పరికరపు గుర్తింపు సంఖ్యను చేర్చడం, దిద్దుబాటు కాకపోయినా, అనుమతింపబడుతుంది.

వివాదము

రచయితలు సూచించని దిద్దుబాట్లను కూడా నిర్వాహకులు యంత్రాభ్యాసం సహాయంతో ఎంపిక చేయడం విమర్శలకు గురైంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైలు వ్యవస్థ అభివృద్ధికారులు తమ భాగాన్ని ఈ ఎంపిక నుండి మినహాయించుకున్నారు. మరొక ప్రక్క, అవసరమైన దిద్దుబాటు రచయిత మరపు వలన జారిపోతే నష్టపోయేది వాడుకరే.

విడిగా చూస్తే సరియైన దిద్దుబాటు కూడా పాత శాఖలో హాని చేయగలదు. 2023 చివరలో 6.1.64 కూర్పులో ఎక్స్‌ట్4 ఫైలు వ్యవస్థకు ఒక దిద్దుబాటును చేర్చారు. అది ఆధారపడిన వేరొక మార్పు ఆ శాఖలో లేకపోవడంతో ఫైళ్ళలోని దత్తాంశాలు చెడిపోయే ప్రమాదం ఏర్పడింది. ఆ కెర్నెలుతో రావలసిన డెబియన్ 12.3 విడుదల నిలిపివేయబడింది. లోపాన్ని 6.1.66లో సరిచేశారు. డెబియన్ 12.4 డిసెంబరు 10న విడుదలైంది.