గడ్డకట్టిన ఉప్పు – ఉగ్రాణపు చరిత్ర



శ్రీకృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరి దుర్గమును గజపతులనుండి గెలిచెనని మనమందరము పిల్లలకు చెప్పుచుందుము. లోపలివారు నెలల తరబడి ఆ ముట్టడికి నిలిచిరనిన, వారికి నిలువచేయు విద్య తెలిసియుండవలెను. నిలువచేసినది గట్టిపడినపుడు దానిని మరల పనికి తెచ్చుట మఱియొక విద్య. ఈ విద్య రాజులచేత గాక మన యిండ్ల స్త్రీలచేత నిలిచినది.

మొదట ఉప్పును గూర్చి మనవి చేసెదను. సముద్రజలమున ఉప్పుతోబాటు మెగ్నీషియము క్లోరైడను చేదులవణమును కలదు. అది గాలిలోని చెమ్మను పీల్చును. వానకారున కల్లుప్పు నీరుకారును. ఎండ రాగానే ఆ నీరారి, పలుకులు ఒకదానితో నొకటి అతుకుకొని రాయియగును. కుప్పపోసి కొంతకాలముంచిన ఉప్పునుండి చేదునీరు క్రిందికి దిగిపోవును. అందుచేతనే ప్రాతయుప్పు మేలనిరి. మా అవ్వ ఉప్పుకుండను పొయ్యిప్రక్కనే యుంచెడిది. గడ్డకట్టినచో రోట దంచి, వేడిపెనముమీద ఆర్చెడిది. రోకటికి లొంగని గడ్డను నీట కరగించి, తేర్చి, పులుసులో పోసెడిది. ఒక్క పలుకైనను పాఱవేయుట నేను చూడలేదు.

దీనిని పిసినితనమనరాదు. కుంపిణీవారు 1805లో మద్రాసు రాజధానియందు ఉప్పును తమ గుత్త చేసికొనిరి. 1923లో మణుగు ఉప్పుపై పన్ను రూపాయి నాలుగణాలనుండి రెండు రూపాయల ఎనిమిదణాలకు పెరిగి, మరుసటి యేడు తగ్గినది. 1930లో గాంధీమహాత్ముడు దండికి నడిచిన కారణమిదియే. 1947లో గాని ఆ పన్ను తొలగలేదు. అంతవరకు ఉప్పుగడ్డను పెంటపై వేయుటయనగా, కట్టిన పన్నును పెంటపై వేయుటయే. మా అవ్వ ఆ కాలపు మనిషి.

బెల్లము సంగతి దీనికి విపర్యయము. ఉప్పు చెమ్మచే చెడును. బెల్లము చెమ్మ పోయినచో బండబాఱును. తడిపి పిండిన బట్టను పాత్రమూతకు చుట్టి ఒక రాత్రి యుంచినచో మెత్తబడును. లేదా నీట కరగించి, ఇసుక వడగట్టి, పాకము పట్టవచ్చును. మెత్తబడిన బెల్లమును వెంటనే వాడవలెను, చెమ్మగిలినది పులిసిపోవును. ఎండిన చింతపండునకు వేడినీరే మందు. ఇంగువ ఇరాను, ఆఫ్గనిస్థానములనుండి వచ్చు చెట్టుపాలు. మన దేశమున దాని సాగు 2020లో హిమాచలమున మొదలైనది. గట్టి ఇంగువను దంచిన రోకటికంటుకొనును. కొంచెము వెచ్చచేసి గిల్లుకొనుటయో, నీట నానవేయుటయో మేలు.

రెండు హెచ్చరికలు. గట్టిపడినది వేఱు, చెడినది వేఱు. బూజుపట్టిన చింతపండు, పుల్లనివాసన కొట్టు బెల్లము పాఱవేయవలసినవే. అక్కడ పొదుపు రోగమునకు దారితీయును. రెండవది: గళగండ నివారణమునకై దేశమున 1962లో కార్యక్రమము మొదలై, అయోడిను కలిపిన ఉప్పు ఇంటింటికి వచ్చినది. దానిని పెనముపై వేపిన అయోడిను కొంత పోవును. గడ్డను చితుకగొట్టి, తడిలేని జాడీలో మూతబెట్టిన చాలును. పూర్వాచారమును గౌరవించుటయనగా దాని కారణము నెఱిగి, కాలమునకు తగినట్లు నడచుటయే.

ఈ విద్యకు గ్రంథము లేదు. మీ యింట వృద్ధురాలున్నచో నేడే యడిగి, మనుమలచేత వ్రాయించుడు. కోటగోడ కూలినను రాళ్లు మిగులును. అవ్వతో పోయిన మాట మిగులదు.