నోటిఫైడ్, సెటిల్‌మెంట్, షెడ్యూల్డ్: మన చరిత్ర మోసిన ఇంగ్లీషు మాటలు



గ్రూప్స్‌కి, డీఎస్సీకి, కానిస్టేబుల్ ఉద్యోగాలకి చదివే మన పిల్లలు రోజూ ఇంగ్లీషు మాటల పట్టీలు బట్టీ పడుతుంటారు. ఒక మాట, పక్కన అర్థం, కింద ఒక వాక్యం. మంచి అలవాటే. అయితే కొన్ని ఇంగ్లీషు మాటలు మన జాతుల దగ్గరికి పాఠ్యపుస్తకంలోంచి రాలేదు. పోలీసు రిజిస్టర్‌లోంచి, సర్కారు గెజెట్‌లోంచి, భూముల ఫైళ్ళలోంచి వచ్చాయి. వాటికి నిఘంటువులో మొదట కనిపించే అర్థం ఒకటి, మన బతుకుల మీద పనిచేసిన అర్థం ఇంకొకటి. తడ చుట్టుపక్కల ఉండే యానాది, ఎరుకుల కుటుంబాల చరిత్రని ఆ మాటల వెంట నడిచి చూద్దాం. రోజువారీ వాక్యం కూడా పక్కనే పెడతాం. పరీక్షకీ పనికొస్తుంది.

మొదటి మాట ‘ఎడిక్టెడ్’. అందరికీ తెలిసిన వాడుక: ‘హీ ఈజ్ ఎడిక్టెడ్ టు మొబైల్’, అంటే సెల్‌ఫోన్‌కి బానిసైపోయాడు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ తెచ్చింది. బెయిలు దొరకని నేరాలకి ఒక తెగ ‘ఎడిక్ట్’ అయిందని నమ్మడానికి కారణం ఉందని సర్కారు అనుకుంటే చాలు, ఆ తెగ మొత్తాన్నీ నేరస్థ తెగగా ప్రకటించే వీలు ఆ చట్టంలో ఉంది. వ్యసనం ఒక మనిషికి ఉంటుంది. తెగలో రేపు పుట్టబోయే బిడ్డకి ఎట్లా ఉంటుంది? ఆ ప్రశ్న చట్టం వేసుకోలేదు. అది మొదట ఉత్తరాదిలో అమలైంది. 1911లో కొత్త చట్టం వచ్చాక మద్రాసు ప్రెసిడెన్సీకీ పాకింది. తడ అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఉండేది. 2022లో తిరుపతి జిల్లా ఏర్పడేదాకా మనం నెల్లూరు జిల్లావాళ్ళమే కదా.

రెండో మాట ‘నోటిఫై’. ‘ప్లీజ్ నోటిఫై ద ఆఫీస్’ అంటే ఆఫీసుకి తెలియజేయండి అని. ఈ రోజు నోటిఫికేషన్ పడిందంటే మన ఇళ్ళలో ఆశ పుడుతుంది, ఉద్యోగాల కబురు అది. 1911 చట్టం కింద నోటిఫికేషన్ పడిందంటే మాత్రం ఆ తెగ పేరు గెజెట్‌లో నేరస్థుల జాబితాకి ఎక్కినట్టు. ఎరుకులవాళ్ళు ఇందులో పెద్ద సంఖ్యలో చిక్కుకున్నారు. యానాదుల్లో కొన్ని సమూహాలనూ చేర్చారు. పేరు రిజిస్టర్‌లో రాసేవాళ్ళు, వేలిముద్రలు తీసుకునేవాళ్ళు. ఏ ఊళ్ళో ఉంటున్నదీ, యాడికి పోతున్నదీ పోలీసులకి చెప్పుకోవాలి. ఉప్పు, ధాన్యం మోసుకుంటూ ఊరూరా తిరిగి బతికిన ఎరుకులవాళ్ళకి తిరగడమే బతుకుదెరువు. ఆ తిరుగుడే నేరంలాగా మారింది.

మూడో మాట మనం తెలుగులోనే వాడేసుకుంటాం: ‘సెటిల్’. ‘మావాడు చెన్నైలో సెటిల్ అయ్యాడు’ అంటే కుదురుకున్నాడు, బాగున్నాడు అని. ఆ చట్టంలో ‘సెటిల్‌మెంట్’ అంటే నోటిఫై చేసిన కుటుంబాలని తెచ్చి, కాపలా మధ్య ఉంచి, పనిచేయించే చోటు. నెల్లూరు జిల్లా కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీల చేతికింద అలాంటి సెటిల్‌మెంట్ నడిచింది. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురాన్ని సాల్వేషన్ ఆర్మీ నడిపింది. మద్రాసు ప్రభుత్వంలోని పెద్ద అధికారి హెరాల్డ్ స్టూవర్ట్ పేరే ఆ ఊరికి పెట్టారు. అక్కడ బడులు, పనులు, కొంత భూమి కూడా ఇచ్చారు, అది నిజం. అనుమతి లేకుండా బయటికి పోతే శిక్ష పడేది, అదీ నిజమే. స్టూవర్టుపురం పేరు వినగానే ఈ రోజుకీ సినిమాలవాళ్ళకి దొంగలు గుర్తొస్తారు. చట్టం పోయి డెబ్బై ఏళ్ళు దాటినా మాట అంటించిన మచ్చ పోలేదు.

ఈ చట్టం పోవాలని కొట్లాడినవాళ్ళలో మన జిల్లా మనుషులున్నారు. నెల్లూరుకు చెందిన వెన్నెలకంటి రాఘవయ్య 1920ల నుంచే యానాదుల మధ్య పనిచేసి, వాళ్ళకొక సంఘం నిలబెట్టాడు. 1962లో వాళ్ళ గురించి ఇంగ్లీషులో పుస్తకం కూడా తెచ్చాడు. మద్రాసు రాష్ట్రం 1947లో ఈ చట్టాన్ని రద్దు చేసింది. దేశమంతటి సంగతీ చూడమని కేంద్రం 1949లో ఒక కమిటీ వేసింది. దానికి అధ్యక్షుడు మన తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్. తర్వాత లోక్‌సభ స్పీకర్ అయిన మనిషి ఆయనే. చట్టాన్ని ఎత్తేయమని ఆ కమిటీ చెప్పింది. 1952 ఆగస్టు 31న దేశమంతటా రద్దయింది. అప్పటి నుంచి ఆ తెగలకి ‘డీనోటిఫైడ్’ అనే పేరొచ్చింది. తెలుగులో విముక్త జాతులు అంటున్నాం. తెలుగు మాటలో విడుదల వినిపిస్తుంది. ఇంగ్లీషు మాటలో మాత్రం పాత గెజెట్ ఇంకా కనిపిస్తూనే ఉంటుంది.

పాత మాట పోయేలోపే కొత్త మాట వచ్చింది: ‘హ్యాబిచువల్’. ‘షీ ఈజ్ ఎ హ్యాబిచువల్ ఎర్లీ రైజర్’ అంటే తెల్లారుజామునే లేచే అలవాటున్న మనిషి. 1948లోనే మద్రాసులో హ్యాబిచువల్ అఫెండర్ల చట్టం చేశారు, అంటే అలవాటుగా నేరాలు చేసేవాళ్ళ మీద. తేడా గమనించండి. ఇక్కడ తెగ పేరు లేదు. ఒక మనిషికి కోర్టులో ఇన్నిసార్లు శిక్ష పడి ఉండాలి అనే లెక్క ఉంది. కాగితం మీద ఇది పెద్ద మార్పే. కానీ పాత జాబితాలోని ఇళ్ళ మీదే కొత్త చూపు కూడా పడుతూ వచ్చింది. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు జైళ్ళలో కులాన్ని బట్టి పనులు పంచే నియమాలని కొట్టేసింది. విముక్త జాతులని పుట్టుకతోనే నేరస్థులుగా చూడటం తప్పని ఆ తీర్పులో తేల్చింది. పోలీసు ఉద్యోగాలకి పోయే మన తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఈ తీర్పు తప్పకుండా చదవాలి.

ఇక మన సర్టిఫికెట్ మీది మాట, ‘షెడ్యూల్డ్’. ‘మై షెడ్యూల్ ఈజ్ టైట్’ అంటే తీరిక లేదు అని. లాటిన్‌లో దీని మూలానికి చిన్న కాగితపు ముక్క అని అర్థం. చట్టం చివర అతికించే పట్టీకి ఆ పేరు స్థిరపడింది. ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. ‘షెడ్యూల్డ్ ట్రైబ్’ వేరు, ‘షెడ్యూల్డ్ ఏరియా’ వేరు. మొదటిది జాతికి సంబంధించింది, రాష్ట్రపతి ఉత్తర్వులోని జాబితాతో వస్తుంది. రెండోది నేలకి సంబంధించింది, రాజ్యాంగం అయిదో షెడ్యూల్ కిందికి వస్తుంది. మన రాష్ట్రంలో అది శ్రీకాకుళం నుంచి గోదావరి దాకా ఉన్న మన్యం. తడ అందులో లేదు. అంటే రిజర్వేషన్, అట్రాసిటీ చట్టం మనకి తడలోనూ ఉంటాయి. గిరిజనుల భూమిని గిరిజనేతరులు కొనకుండా ఆపే 1/70 చట్టం మాత్రం ఇక్కడికి రాదు. సర్కారు ఇచ్చిన అసైన్డ్ భూములకి 1977 చట్టం వేరే ఉంది. శ్రీసిటీ వచ్చాక ఎకరం ధర పెరిగిన ఈ ప్రాంతంలో ఈ తేడా తెలియకపోతే నష్టపోయేది మనమే.

భూమి మాటొచ్చింది గనక ‘ఔస్టీ’ కూడా చెప్పుకోవాలి. ‘ద కెప్టెన్ వాజ్ ఔస్టెడ్’ అంటే కెప్టెన్‌ని పదవిలోంచి దించేశారు. అట్లా ఉన్న చోటు నుంచి పంపించబడినవాడే ఔస్టీ. ప్రాజెక్టులకి ఊళ్ళు ఖాళీ చేసినవాళ్ళని మన దేశపు ఫైళ్ళు ఇట్లా పిలుస్తాయి. పులికాట్‌కి ఆవలి గట్టున ఉన్న శ్రీహరికోటలో యానాదులు తరతరాలుగా ఉన్నారు. 1835లో కంపెనీ సర్కారు ఆ దీవిని తన చేతిలోకి తీసుకుంది. మద్రాసు పొయ్యిలకి కట్టెలు అక్కడి అడవి నుంచే పోయేవి. 1969లో రాకెట్ కేంద్రానికి ఆ చోటునే ఎంచుకున్నారు. 1971 అక్టోబరులో మొదటి రోహిణి రాకెట్ ఎగిరింది. దీవిలోని కుటుంబాలు ఇవతలి ఊళ్ళకి చేరాయి. రాకెట్ లేచినప్పుడు మనమూ గర్వపడతాం. ఆ నేల ఎవరిదని అడిగినప్పుడు చెప్పడానికి మాట కూడా తెలిసుండాలి.

ఆఖరి మాట ‘బాండెడ్’. ‘దే షేర్ ఎ స్ట్రాంగ్ బాండ్’ అంటే వాళ్ళది గట్టి అనుబంధం. ‘బాండెడ్ లేబర్’ అంటే అప్పుతో కట్టేసిన చాకిరీ. రొయ్యల గుంతల కాపలాకో, జామాయిల్ కొట్టడానికో అడ్వాన్స్ తీసుకుని, అది తీరక, కుటుంబం అంతా అక్కడే ఉండిపోయిన కథలు మన జాతిలో కొత్త కాదు. 1976 చట్టం ప్రకారం అలాంటి అప్పు చెల్లదు, తిరిగి కట్టక్కర్లేదు. కలెక్టరు, ఆర్డీవో విడిపించి విడుదల పత్రం ఇవ్వాలి. కనీస కూలి కంటే తక్కువకి చేయించుకోవడం కూడా బలవంతపు చాకిరీయేనని సుప్రీంకోర్టు 1982లో చెప్పింది.

ఇప్పుడు మొదటి మాటకి మళ్ళీ పోదాం. ‘ఎడిక్ట్’కి లాటిన్ మూలం ‘ఎడిక్టస్’. పాత రోము చట్టంలో అప్పు తీర్చలేక, న్యాయాధికారి తీర్పుతో అప్పిచ్చినవాడి చేతికి అప్పగించబడిన మనిషిని అట్లా పిలిచేవాళ్ళు. నేరానికి బానిసలని మన తాతల మీద వేసిన మాటకి అసలు అర్థం అప్పుకి బానిస. ఆ రెండో అర్థమే మన ఇళ్ళలో ఎక్కువ నిజమైంది. దాని గురించి మాత్రం ఏ గెజెట్‌లోనూ నోటిఫికేషన్ పడలేదు.

అందుకే మేము అడిగేది ఒకటే. మాటల పట్టీ చదివేటప్పుడు మొదటి అర్థం దగ్గర ఆగిపోకండి. ఇంటికొచ్చిన నోటీసులో, పట్టాలో, అడ్వాన్స్ కాగితంలో తెలియని ఇంగ్లీషు మాట కనిపిస్తే, వేలిముద్ర పడకముందే దాని అర్థం అమ్మానాన్నలకి తెలుగులో చదివి చెప్పండి. మీ ఊళ్ళో పెద్దవాళ్ళు వాడే ఇలాంటి ఆఫీసు మాటలు ఇంకా ఉంటే కింద రాయండి. వాటి గురించీ చెప్పుకుందాం.