రౌటరు యజమాని ఎవరు? – డబ్ల్యు.ఆర్.టి.54జి ఉదంతం

అమెరికాలోని లింక్‌సిస్ సంస్థ 2002 చివరలో విడుదల చేసిన డబ్ల్యు.ఆర్.టి.54జి గృహ వినియోగానికి ఉద్దేశించిన సామాన్యమైన వైర్‌లెస్ రౌటరు. దాని ఫర్మ్‌వేర్‌లో లినక్స్ కెర్నల్ ఉన్నట్లు 2003లో ప్రోగ్రామర్లు గుర్తించారు. జి.పి.ఎల్. లైసెన్సు షరతు ప్రకారం అటువంటి ప్రోగ్రామును పంపిణీ చేసేవారు సోర్స్ కోడ్‌ను కూడా అందించాలి. అప్పటికి లింక్‌సిస్‌ను సొంతం చేసుకున్న సిస్కో ఆ ఏడాదే కోడ్‌ను వెలువరించింది. దీనిని ఔదార్యంగా చిత్రించడం సరికాదు. అది లైసెన్సు విధించిన బాధ్యత.

ఆ కోడ్ పునాదిగా 2004లో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి రూపుదిద్దుకొంది. రౌటరు సొంత అప్‌గ్రేడ్ పుటనుండే కొత్త ఫర్మ్‌వేర్‌ను ఎక్కించవచ్చు. అయితే మధ్యలో విద్యుత్తు పోతే పరికరం ఇటుకతో సమానం! బూట్ సమయంలో కొన్ని క్షణాలు ఆగే ఏర్పాటును ముందే చేసుకొన్నవారు మాత్రం టి.ఎఫ్.టి.పి. ద్వారా దానిని తిరిగి బ్రతికించుకోగలిగేవారు.

2005లో వచ్చిన ఐదవ రూపాంతరంలో లినక్స్ స్థానాన్ని విఎక్స్‌వర్క్స్ ఆక్రమించింది; ఫ్లాష్ మెమరీ 4 మెగాబైట్ల నుండి 2కు, ర్యామ్ 16 నుండి 8కి కుదించుకుపోయాయి. ప్రత్యామ్నాయ ఫర్మ్‌వేర్ కోరేవారికోసం లినక్స్‌తోనే 54జిఎల్ అనే వేరొక నమూనాను సంస్థ విక్రయించింది. లైసెన్సు వివాదం మాత్రం సమసిపోలేదు. 2008 డిసెంబరులో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ సిస్కోపై దావా వేసింది. 2009లో కుదిరిన రాజీ మేరకు లైసెన్సుల అమలును పర్యవేక్షించడానికి లింక్‌సిస్‌లో ఒక డైరెక్టరును నియమించడానికి సిస్కో అంగీకరించింది.