పట్టికలలో ఆధారబంధములు: అనుమానసూత్రముల చరిత్ర

కంప్యూటరులలో సమాచారమును పట్టికలుగా నిలుపు పద్ధతికి గణితపు పునాది వేసినవాడు ఎడ్గర్ కాడ్. ఐ.బి.ఎం. సంస్థలో పనిచేయుచు ఆయన 1970లో ప్రకటించిన వ్యాసముతో ఈ మార్గము ఆరంభమైనది. ఒకే విషయమును పలుచోట్ల వ్రాసినచో, ఒకచోట దిద్ది మరియొకచోట మరచుట సహజము. అది తప్పవలెనన్న, ఏ గడిలోని విలువ దేనిని నిర్ణయించునో ముందుగా తెలియవలెను. ఈ సంబంధమునే ఆధారబంధ మందుము.

పాఠశాల ప్రవేశపట్టికను చూడుడు. ప్రవేశసంఖ్య తెలిసిన తరగతి తెలియును. తరగతి తెలిసిన తరగతి ఉపాధ్యాయుడు తెలియును. కావున ప్రవేశసంఖ్యయే ఉపాధ్యాయుని తెలుపును. ఈ మూడవ మాటను ఎవరును వ్రాయలేదు. మొదటి రెంటినుండి అనుమానించితిమి. (అనుమానమనగా ఇచట సందేహము కాదు, తార్కికులు చెప్పు ప్రమాణము.)

ఇట్టి అనుమానములకు మూడు సూత్రములు చాలునని 1974లో విలియం ఆర్మ్‌స్ట్రాంగ్ చూపెను. సముదాయము తన భాగమును నిర్ణయించును. నిర్ణయమునకు ఇరువైపుల ఒకే అంశమును చేర్చినను అది చెడదు. ఒకటి రెండవదానిని, రెండవది మూడవదానిని నిర్ణయించిన, మొదటిది మూడవదానిని నిర్ణయించును. ఇవి బాలురకును తెలిసిన మాటలే. ఘనత అంతయు “చాలును” అనుటలో నున్నది. ఈ సూత్రములచే సిద్ధింపని బంధమేదైనను ఉన్నచో, ఇచ్చిన నియమముల నన్నిటిని పాటించుచు దానిని మాత్రము భంగపరచు పట్టికను రెండే వరుసలతో చూపవచ్చును.

1977లో రొనాల్డ్ ఫాగిన్ ఒక విలువ విలువల సముదాయమునే నిర్ణయించు బంధములను వివరించెను; ఆ యేటనే వానికిని పూర్ణసూత్రములు లభించినవి. అయితే ఒక పట్టికలోని విలువ వేరొక పట్టికలో తప్పక ఉండవలెనను నియమమునుగూడ ఆధారబంధములతో కలిపినచో, ఏది దేనినుండి సిద్ధించునో ఎల్లప్పుడు తేల్చగల యాంత్రికవిధానము ఉండనేరదని జాన్ మిచెల్ 1983లోను, అశోక్ చంద్ర, మోషే వార్డీలు 1985లోను ప్రకటించిన నిరూపణలు తెలుపుచున్నవి.

సూత్రములు సత్యమును కాపాడునే గాని పుట్టింపవు. మనవంటి అల్పసంఖ్యాక భాషలవారికి ముఖ్యమైన దిదియే. గ్రామము మాతృభాషను నిర్ణయించునని ఎవరైన నియమము పెట్టిరనుకొందము. ప్రవేశసంఖ్య గ్రామమును, గ్రామము భాషను తెలుపును గావున, విద్యార్థి వరుసలో భాషకు గడి అక్కరలేదని తేలును. అనుమానము నిర్దుష్టము, నియమమే అసత్యము. హోసూరులోను, బళ్లారిలోను, బరంపురములోను పలుభాషలవారు కలిసి నివసించుచున్నారు. ఒకే ఊరి పిల్లలిద్దరు, ఒకరు తెలుగు, ఒకరు తమిళము: ఈ రెండు వరుసలే ఆ నియమమును కొట్టివేయును. కాని గడి పోయిన పిదప ఆ భేదమును వ్రాయుటకే చోటుండదు. పాఠశాలలో 40 మంది గాని, తరగతిలో 10 మంది గాని ఆ భాష మాట్లాడు పిల్లలున్నచో ఉపాధ్యాయుని నియమింపవలెనని 1949లో రాష్ట్ర విద్యామంత్రుల సమ్మేళనము తీర్మానించెను. ఆ పదిమందిని లెక్కించుటకు ఆధారము ఆ గడియే.