కీళ్లలో స్టెరాయిడ్ ఇంజెక్షన్లు: అరుదైన దుష్ప్రభావాల చరిత్ర

కీలులో వేసిన మందు కీలులోనే ఉంటుందన్న నమ్మకం మీద ఈ వైద్యం నిలబడింది. దాని దుష్ప్రభావాల చరిత్ర అంతా ఆ నమ్మకం సడలుతూ వచ్చిన కథే. 1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ బృందం కీళ్లవాతంతో మంచాన పడ్డ రోగికి కార్టిసోన్ ఇచ్చింది. రోగి లేచి నడవడం సంచలనమైంది, 1950లో హెంచ్‌కు నోబెల్ కూడా వచ్చింది. అయితే ఒళ్లంతా పాకే మందుకు మొహం ఉబ్బడం, ఎముకలు గుల్లబారడం వంటి మూల్యం చెల్లించవలసి వచ్చింది. దాన్ని తప్పించేందుకు ఫిలడెల్ఫియా వైద్యుడు జోసెఫ్ హాలండర్ హైడ్రోకార్టిసోన్‌ను నేరుగా కీలులోకి ఎక్కించి, 1951లో ఫలితాలు ప్రకటించాడు. నేడు ఎక్కువగా వాడే ట్రయామ్సినలోన్‌ను 1956లో లెడర్లీ అనే మందుల సంస్థ శాస్త్రవేత్తలు తయారుచేశారు.

మోకాలిలో సూది వేశాక మొహం ఎర్రబడి వేడెక్కడం, ఆగని ఎక్కిళ్లు, నిద్రపట్టకపోవడం, నెలసరి తప్పడం, ముట్లుడిగిన స్త్రీకి మళ్లీ రక్తస్రావం కావడం: మోకాలికీ వీటికీ పొత్తేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. మందు రక్తంలోకి చేరుతుందని ఒప్పుకుంటే ఇందులో వింతేమీ లేదు. షుగర్ ఉన్నవారికి కొన్ని రోజులపాటు చక్కెర పెరుగుతుంది, అడ్రినల్ గ్రంథులు కొన్ని వారాలు మందగించవచ్చు. 2022 నుంచి పోటీల సమయంలో క్రీడాకారులకు కీళ్ల స్టెరాయిడ్ సూదిని సైతం ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ నిషేధించడానికి కారణం ఇదే. చుట్టుపక్కలకు జారిన మందు చర్మం కింది కొవ్వును కరిగించి గుంట చేస్తుంది, రంగును తెల్లబరుస్తుంది. మన చామనఛాయ ఒళ్ల మీద ఆ మచ్చ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, బొల్లి అని భయపెడుతుంది. చాలామందిలో అది నెలల మీద తగ్గుతుంది.

ఇవి చాలావరకు అరుదు కదా, ఇంత చర్చ ఎందుకని అడగవచ్చు. అరుదన్న మాటలో కొంత భాగం నమోదు లోపమే. కోనసీమలో రాజోలు మనిషి అమలాపురంలో సూది వేయించుకుని, ఎక్కిళ్లకు ఊళ్లోని ఆర్‌ఎంపీ వైద్యుడి దగ్గరకూ, షుగర్ పెరిగితే కొత్తపేటలో ఇంకొకరి దగ్గరకూ వెళితే, మూడింటినీ కలిపి చూసేవారు ఎవరు? అయితే ఈ సూదే వద్దనడం కూడా సరికాదు. మోకాలి అరుగుదలలో కొన్ని వారాల ఉపశమనం కోసం అమెరికా కీళ్లవ్యాధి నిపుణుల సంఘం 2019లో దీన్ని గట్టిగానే సిఫారసు చేసింది. అసలు చిక్కు పదేపదే వేయించుకోవడంలో ఉంది. 2017లో వెలువడిన అధ్యయనంలో మోకాలి అరుగుదల ఉన్న 140 మందిని రెండు జట్లు చేసి, 12 వారాలకోసారి రెండేళ్లపాటు ఒక జట్టుకు 40 మిల్లీగ్రాముల ట్రయామ్సినలోన్, మరో జట్టుకు ఉత్త సెలైన్ ఇచ్చారు. మందు పొందినవారి మృదులాస్థి సగటున 0.21 మిల్లీమీటర్లు, సెలైన్ పొందినవారిది 0.10 మిల్లీమీటర్లు పలచబడింది. నొప్పిలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. వరినాట్లలో, కొబ్బరి దింపులో మోకాళ్ల మీదే బతికేవారు నొప్పి తగ్గగానే అదే పనిలోకి దిగి, మళ్లీ సూదికే వస్తారు గనుక, మందు పేరు, మోతాదు, తేదీ వారి చీటీ మీద రాసి ఉంటేనే తర్వాత చూసే వైద్యుడు ఎక్కిళ్లకైనా, తెల్లమచ్చకైనా కారణం పట్టుకోగలుగుతాడు.