కష్టజీవి కంటికి రక్షణ ఏదీ?

పని చోట కంటి గాయాలు, ప్రథమ చికిత్స, పరిహారం, బీమా: తెలుసుకోవలసిన వివరాలు

వరి కోస్తుండగా ఆకు అంచు కంటికి తగులుతుంది. గ్రైండరు నుంచి ఇనుప రవ్వ ఎగిరిపడుతుంది. గోడకు వెల్ల వేస్తుండగా సున్నపు తేట చిమ్ముతుంది. ఇవన్నీ రెప్పపాటులో జరిగిపోయే సంఘటనలే. ఆ సమయంలో పెద్ద గాయంగా కూడా అనిపించవు. కూలీ కన్ను నులుముకుని మళ్లీ పనిలో పడతాడు. మూడో రోజుకు కన్ను ఎర్రబడుతుంది, వారానికి నల్లగుడ్డుపై తెల్లటి మచ్చ కనిపిస్తుంది. పల్లెల్లో దీన్నే ‘కంట్లో పువ్వు పడింది’ అంటారు. అది ఒకసారి ఏర్పడితే ఆ కంటికి మునుపటి చూపు రావడం కష్టం.

అంతర్జాతీయ కార్మిక సంస్థ, అంధత్వ నివారణ అంతర్జాతీయ సంస్థ కలసి 2023లో ఒక నివేదిక వెలువరించాయి. పని చోట ఏటా సుమారు 35 లక్షల కంటి గాయాలు జరుగుతున్నాయని, పని కారణంగా చూపు దెబ్బతిన్నవారు ప్రపంచంలో 1.3 కోట్ల మంది ఉన్నారని అందులో అంచనా వేశాయి. వీటిలో అధిక భాగం నివారించదగినవే. అయినా మన చట్టాలు, బీమా పథకాలు ఎక్కువగా కన్ను పోయిన తరువాత ఇచ్చే పరిహారం గురించే మాట్లాడతాయి. ఆ పరిహారానికి సైతం నోచుకోనివారే అత్యధిక ప్రమాదంలో పనిచేస్తున్నారు.

ఏ పనిలో ఏ ముప్పు?

చీమకుర్తి, కరీంనగర్ ప్రాంతాల గ్రానైటు క్వారీల్లోనూ, తాండూరు, బేతంచెర్ల రాతి పాలిషింగ్ యూనిట్లలోనూ రాతి పలుకులు, ధూళి కంటికి ప్రధాన శత్రువులు. సుత్తితో ఉలిని కొట్టేటప్పుడు రాయి మాత్రమే కాదు, ఉలి తల నుంచి ఉక్కు ముక్క కూడా విరిగి ఎగురుతుంది. ఇటువంటి ముక్క వేగంగా వచ్చి గుడ్డులోకి దూసుకుపోతే పైకి గాయం సన్నని గీతలా మాత్రమే కనిపించవచ్చు, నొప్పి కూడా స్వల్పంగానే ఉండవచ్చు. లోపల ఇనుము మిగిలిపోతే కొంతకాలానికి చూపును హరిస్తుంది. ఇలాంటి అనుమానం ఉన్న వ్యక్తికి ఎంఆర్‌ఐ పరీక్ష చేయకూడదు. అయస్కాంత శక్తికి ఆ ముక్క కదిలి కన్ను మరింత దెబ్బతింటుంది.

ఆటోనగర్లు, ఊరి కూడళ్లలోని వెల్డింగ్ దుకాణాల్లో మరో రకం ముప్పు. ఆర్కు వెలుగులోని అతినీలలోహిత కిరణాలు నల్లగుడ్డు పైపొరను కాలుస్తాయి. బాధ వెంటనే తెలియదు. కొన్ని గంటల తరువాత, సాధారణంగా రాత్రివేళ, కళ్లలో ఇసుక పోసినట్లు మంట, ధారగా నీరు మొదలవుతాయి. ఒకటి రెండు రోజుల్లో ఇది తగ్గుతుంది. అయితే నొప్పి తెలియకుండా చేసే మత్తు చుక్కలను దుకాణంలో కొని పదేపదే వేసుకునే అలవాటు మాత్రం నల్లగుడ్డునే పాడుచేస్తుంది. వెల్డరుతోపాటు పక్కన రాడ్డు పట్టుకుని నిలబడే కుర్రవాడికీ ఈ ప్రమాదం సమానమే.

సున్నం, సిమెంటు క్షార పదార్థాలు. ఆమ్లం కంటే క్షారం ఎక్కువ లోతుకు చొచ్చుకుపోతుంది. కంటి గాయాల్లో నిమిషాల లెక్కన చూపు పోయేది వీటితోనే.

వ్యవసాయంలో గాయం చిన్నదే, కానీ దాని వెంట వచ్చే బూజు పెద్దది. ఆకు, గడ్డి, గింజ పొట్టు గీరిన చోట ఫ్యుసేరియం, ఆస్పర్‌జిల్లస్ వంటి శిలీంధ్రాలు చేరి పుండు చేస్తాయి. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పదేళ్లలో తమ వద్దకు వచ్చిన 1,352 శిలీంధ్ర పుండ్ల కేసులను పరిశీలించి 2002లో ఫలితాలు ప్రచురించింది. వారిలో సగానికి పైగా కంటికి దెబ్బ తగిలిన చరిత్ర ఉన్నవారే.

మొదటి గంటలే కీలకం

సున్నం, సిమెంటు, పురుగుమందు, ఆమ్లం పడితే ఆసుపత్రికి బయలుదేరడానికి ముందే కన్ను కడగాలి. రెప్పలు విప్పి పట్టుకుని కనీసం 20 నిమిషాలపాటు శుభ్రమైన నీటిని ధారగా పోయాలి. రెప్ప కింద సున్నపు పలుకులు మిగలకుండా చూడాలి. ప్రత్యేకమైన ద్రావణం కోసం వెతుకుతూ కాలయాపన చేయరాదు. మంచినీళ్లే మందు.

కంట్లో ఏదైనా గుచ్చుకుంటే దీనికి పూర్తిగా విరుద్ధంగా వ్యవహరించాలి. లాగకూడదు, కడగకూడదు, ఒత్తి కట్టు కట్టకూడదు. చిన్న కాగితపు కప్పు వంటిది కంటిపై తగలకుండా బోర్లించి, అంటించి, నేరుగా కంటి శస్త్రచికిత్స సౌకర్యం ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

ఆకు గీరినా, నలుసు పడినా నులమకూడదు. నాలుకతో నలుసు తీయించడం, చనుబాలు, ఆముదం, ఆకు పసరు పోయడం మన గ్రామాల్లో ఇప్పటికీ ఉన్న అలవాట్లు. ఇవి పుండుకు దారితీస్తాయి. మందుల దుకాణంలో ‘ఎరుపు తగ్గడానికి’ ఇచ్చే చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటే మరీ ప్రమాదం. ఎరుపు తగ్గినట్లు కనిపిస్తుంది గానీ లోపల బూజు విజృంభిస్తుంది.

సకాలంలో చేసే చిన్న వైద్యం ఎంత మేలు చేస్తుందో నేపాల్‌లోని భక్తపూర్ జిల్లాలో రుజువైంది. అక్కడ గ్రామ ఆరోగ్య కార్యకర్తలు నల్లగుడ్డు గీరుకున్నవారికి క్లోరాంఫెనికాల్ ఆయింట్‌మెంటు 3 రోజులపాటు వేశారు. గాయమైన 18 గంటల్లోపు మందు పడినవారిలో ఒక్కరికీ పుండు ఏర్పడలేదని 2001లో వెలువడిన అధ్యయనం తెలిపింది. ఖరీదైన యంత్రాలు కాదు, ఊరిలోనే గాయాన్ని గుర్తించగల మనిషి ఉండడమే అక్కడి విజయానికి మూలం. మన వద్ద ఆశా కార్యకర్తలు, ఆరోగ్య కేంద్రాల్లోని కంటి వైద్య సహాయకులు, ఆప్టోమెట్రిస్టులు ఈ పాత్ర పోషించగలరు.

అద్దాలు ఇవ్వడం యజమాని బాధ్యత

ఎగిరే ముక్కల వల్ల గాని, తీవ్రమైన వెలుగు వల్ల గాని కంటికి ప్రమాదం ఉన్న పనుల్లో తెరలు, తగిన కళ్లద్దాలు సమకూర్చేలా నిబంధనలు చేసే అధికారాన్ని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 35వ సెక్షను రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చింది. 2025 నవంబర్ 21 నుంచి ఆ చట్టం స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ అమలులోకి వచ్చింది. పని స్థలాన్ని ప్రమాదరహితంగా ఉంచవలసిన బాధ్యత ఈ కోడ్‌లోనూ యజమానిదే.

ఏ అద్దమైనా సరిపోతుందనుకోవడం పొరపాటు. చలువ అద్దాలు వెల్డింగ్‌కు పనికిరావు. ఆర్కు వెల్డింగ్‌కు కరెంటు తీవ్రతను బట్టి సాధారణంగా 10 నుంచి 13 వరకు షేడ్ ఉన్న ఫిల్టరు అద్దం అవసరం. గ్రైండింగ్, రాతి పనికి పక్కల నుంచి కూడా కప్పి ఉంచే పాలికార్బొనేట్ కళ్లద్దాలు వాడాలి. చూపు కోసం కళ్లజోడు పెట్టుకునేవారికి దాని పైనుంచి తొడుక్కునే రకం ఇవ్వాలి. చెమటకు మసకబారే అద్దాలు ఇచ్చి, కార్మికుడు తీసి పక్కన పెడితే అతనిదే తప్పంటే ప్రయోజనం లేదు. ముక్కల లెక్కన కూలి చెల్లించే చోట అద్దం తుడుచుకునే సమయం కూడా సంపాదనకు గండి కొడుతుందని గుర్తించాలి.

కన్ను పోతే లెక్క ఎంత?

1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం ఒక్కో అవయవానికి శాతాలు నిర్ణయించింది. రెండో కన్ను బాగుండి ఒక కన్ను పూర్తిగా పోతే 40 శాతం, గుడ్డు రూపం చెడకుండా చూపు మాత్రమే పోతే 30 శాతం, చూపు పాక్షికంగా తగ్గితే 10 శాతం సంపాదనా శక్తి నష్టపోయినట్లు లెక్క. కంటి చూపు అవసరమైన ఏ పనీ చేయలేని స్థితి వస్తే 100 శాతం. ఈ చట్టం స్థానంలో వచ్చిన సామాజిక భద్రత కోడ్ కూడా ఇదే పద్ధతిని కొనసాగించింది.

ఉదాహరణకు 40 ఏళ్ల కార్మికుడి నెల వేతనం రూ.12,000 అనుకుందాం. అందులో 60 శాతం అంటే రూ.7,200. ఆ వయసుకు చట్టం నిర్ణయించిన గుణకం 184.17. రెండింటినీ గుణిస్తే రూ.13,26,024. ఒక కంటి చూపు పోయినందుకు ఇందులో 30 శాతం, అంటే సుమారు రూ.3,97,800 అతనికి రావాలి. యజమాని ముందు చూస్తే ఒకవైపు ఈ మొత్తం, మరోవైపు కొన్ని వందల రూపాయల కళ్లద్దాలు ఉన్నాయి.

ఈఎస్‌ఐ పరిధిలో ఉన్న కార్మికుడికి ఈ పరిహారం యజమాని నుంచి రాదు, ఈఎస్‌ఐ నుంచే ప్రయోజనాలు అందుతాయి. గాయంతో పనికి వెళ్లలేని కాలానికి సగటు దినవేతనంలో 90 శాతం, శాశ్వత నష్టం మిగిలితే వైద్య మండలి నిర్ణయించిన మేరకు నెలనెలా భృతి, ఉచిత వైద్యం లభిస్తాయి. 2017 జనవరి నుంచి ఈఎస్‌ఐ వేతన పరిమితి నెలకు రూ.21,000. 2019 జులై నుంచి చందాగా కార్మికుడి వేతనం నుంచి 0.75 శాతం, యజమాని నుంచి 3.25 శాతం వసూలు చేస్తున్నారు.

రక్షణకు వెలుపల ఉన్నవారు

చిక్కంతా ఇక్కడే ఉంది. ఈఎస్‌ఐ సాధారణంగా 10 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలకు వర్తిస్తుంది. ఇద్దరు ముగ్గురు పనిచేసే వెల్డింగ్ దుకాణం, చిన్న పాలిషింగ్ షెడ్డు దాని వెలుపలే ఉంటాయి. పరిహార చట్టం షెడ్యూలులో వ్యవసాయం ఉన్నా, అది ట్రాక్టర్లు, యంత్ర శక్తితో నడిచే పరికరాలతో చేసే సాగు గురించి. నూర్పిడి యంత్రం వద్ద గాయపడినవారు అర్హత కోరవచ్చు. కొడవలితో కోత కోసే కూలీకి ఆ వాక్యం ఆసరా ఇవ్వదు.

ప్రమాదకరమని కేంద్రం ప్రకటించిన వృత్తిలో ఒక్క ఉద్యోగి ఉన్నా ఈఎస్‌ఐ వర్తింపజేయవచ్చని కొత్త కోడ్ వీలు కల్పించింది. రాతి పని, వెల్డింగ్ వంటివాటికి ఈ వీలును వినియోగించాలని కార్మిక సంఘాలు పట్టుబట్టవలసి ఉంది.

అసంఘటిత కార్మికులకు, రైతు కూలీలకు వెంటనే అందుబాటులో ఉన్న మార్గం ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన. 2015లో మొదలైన ఈ పథకంలో 18 నుంచి 70 ఏళ్లలోపు బ్యాంకు, తపాలా ఖాతాదారులు చేరవచ్చు. 2022 జూన్ నుంచి ఏడాది ప్రీమియం రూ.20. ప్రమాదంలో ఒక కంటి చూపు తిరిగి రాని విధంగా పూర్తిగా పోతే రూ.1 లక్ష, రెండు కళ్లూ పోతే రూ.2 లక్షలు చెల్లిస్తారు. ప్రీమియం మే నెలాఖరులో ఖాతా నుంచి దానంతటదే తగ్గుతుంది. ఆ సమయంలో నిల్వ లేకపోతే బీమా ఆగిపోతుంది. ఈ చిన్న విషయం తెలియక హక్కు కోల్పోయే ప్రమాదం ఉంది.

భవన నిర్మాణ కార్మికులు సంక్షేమ మండలిలో పేరు నమోదు చేయించుకుని, గుర్తింపు కార్డును సకాలంలో పునరుద్ధరించుకోవాలి.

చత్వారమూ కూలికి గండే

గాయం లేకపోయినా 40 ఏళ్లు దాటితే దగ్గరి చూపు తగ్గుతుంది. పోచంపల్లి, ధర్మవరం, వెంకటగిరి మగ్గాలపై పోగులు అతికే నేతకారులకు, దర్జీలకు, విత్తనాలు ఏరే మహిళలకు ఇది నేరుగా ఆదాయ నష్టం. అస్సాంలో 40 ఏళ్లు దాటిన 751 మంది తేయాకు కార్మికులపై జరిగిన అధ్యయనం 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చింది. దగ్గరి చూపు కళ్లజోడు ఇచ్చినవారి ఉత్పాదకత, ఇవ్వనివారి కంటే సుమారు 22 శాతం అధికంగా పెరిగిందని తేలింది. బంగ్లాదేశ్‌లో ఇలాంటి కళ్లజోళ్లు పొందిన చేతివృత్తులవారి ఆదాయం మూడో వంతు పెరిగిందని 2024లో మరో అధ్యయనం వెల్లడించింది.

తెలంగాణలో 2018 ఆగస్టు 15న, 2023 జనవరిలో రెండు విడతలుగా కంటి వెలుగు శిబిరాలు ప్రారంభమయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబర్ 10న అదే తరహా కార్యక్రమం మొదలైంది. ఊరూరా పరీక్షించి కళ్లజోళ్లు ఇవ్వడం సాధ్యమేనని ఇవి నిరూపించాయి. అయితే అక్కడ ఇచ్చినవి చదువుకునేందుకు, చూసేందుకు ఉపకరించే అద్దాలు. రాయి కొట్టే చేతికి, వెల్డింగ్ పట్టే చేతికి అవసరమైన రక్షణ అద్దాలు వాటి పరిధిలోకి రాలేదు. ఇకపై చేపట్టే శిబిరాల్లో ‘ఏం పని చేస్తారు?’ అన్న ఒక్క ప్రశ్న చేర్చి, అందుకు తగిన అద్దం కూడా ఇస్తే ఖర్చు పెద్దగా పెరగదు.

గాయమైతే మరువకూడనివి

* గాయమైన రోజే యజమానికి లేదా మేస్త్రీకి తెలిపి, ప్రమాదాల పుస్తకంలో నమోదు చేయించాలి. పుస్తకం లేకపోతే కాగితంపై రాసి సాక్షుల సంతకాలు తీసుకోవాలి.

* వైద్యునికి గాయం ఎక్కడ, ఏ పనిలో, ఎప్పుడు జరిగిందో చెప్పి ఓపీ చీటీలో రాయించాలి. ‘కన్ను ఎరుపు’ అని మాత్రమే రాసిన చీటీ పరిహారం వద్ద నిలవదు.

* రెండు కళ్ల చూపు కొలతలను మొదటి రోజే నమోదు చేయించాలి. తరువాత నష్టం ఎంతో తేల్చేందుకు అదే ఆధారం.

* చీటీలు, మందుల రశీదులు, వేతనం చెల్లించిన ఆధారాలు భద్రపరచాలి.

* నొప్పి, ఎరుపు, చూపు మసక ఒక్క రోజులో తగ్గకపోతే సొంత వైద్యం మాని కంటి వైద్యుని వద్దకు వెళ్లాలి.

రాయి కొట్టేవాడికైనా, కోత కోసే ఆమెకైనా కన్నే పెట్టుబడి. చట్టం దానికి 30 శాతమో, 40 శాతమో వెల కట్టింది. ఆ లెక్క వేయవలసిన అవసరమే రాకుండా చూడగలిగేవి మాత్రం పని మొదలుపెట్టే ముందు తొడుక్కునే అద్దాలు, పక్కనే సిద్ధంగా ఉంచుకునే బిందెడు మంచినీళ్లు.